సర్వర్ గది శౌరయ్య

బెజవాడ ఏలూరు రోడ్డు మీదున్న ఆ మిషన్ ఆస్పత్రిలో కంప్యూటరు మొరాయిస్తే "పాడైంది" అని ఎవరూ అనరు. "శౌరయ్య గారికి కబురు పెట్టండి" అంటారు. ముప్పై మూడేళ్లుగా అక్కడ అదే అలవాటు.

శౌరయ్యది పామర్రు దగ్గర పల్లెటూరు. తండ్రి కూలికి వెళ్లి వరి కోసేవాడు. చర్చి ఫాదరు గారు ఫీజు కట్టి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పిస్తే లోయరూ హయ్యరూ పాసై, ఇరవై మూడేళ్ల వయసులో ఈ ఆస్పత్రిలో టైపిస్టుగా కుదిరాడు. మొదటి కంప్యూటరు వచ్చిన రోజున మిగతా గుమాస్తాలు దాన్ని ముట్టుకోవడానికి జంకితే, శౌరయ్య చేతులు కడుక్కుని వచ్చి దాని ముందు కూర్చున్నాడు. ఆ తర్వాత లేవలేదనే చెప్పాలి. తప్పులు చేస్తూ, పుస్తకాలు చూసి దిద్దుకుంటూ అంతా సొంతంగానే నేర్చుకున్నాడు. సర్వరు కొని, దానికో ఏసీ గది కట్టించినప్పుడు ఆ గది తాళంచెవి అతని చేతికే ఇచ్చారు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు కూడా అతనొక్కడికే తెలుసు. ఇంకొకరికి చెప్పి ఉంచాలని ఎవరూ అడగలేదు, అతనికీ తోచలేదు.

బ్లడ్ బ్యాంకులో చేతిరాత రిజిస్టర్లు మాన్పించింది కూడా శౌరయ్యే. "కాగితానికి చెదలు పడతాయండీ, దీనికి పట్టవు" అని ఒక్కొక్కరికీ నచ్చజెప్పి పాత వివరాలన్నీ సర్వరులోకి ఎక్కించాడు. అందులో ముగ్గురి పేర్లున్న చిన్న జాబితా ఒకటి అతనికి ప్రాణం. అది బాంబే గ్రూపు దాతల జాబితా. ఆ గ్రూపు రక్తం లక్షల్లో ఏ కొద్దిమందికో ఉంటుంది. మామూలు పరీక్షలో 'ఓ' గ్రూపులాగే కనిపిస్తుంది గానీ 'ఓ' గ్రూపు రక్తం వాళ్లకి పడదు. వాళ్లకి వాళ్ల గ్రూపువాళ్లే ఇవ్వాలి. ఒకసారి ఆ జాబితాలోని పెడన చీరల వ్యాపారి మల్లేశ్వరరావు ఫోన్ నంబరు ఎలాగో బయటికి పొక్కి, దళారులు అతని దుకాణానికే వచ్చి వేధించారు. అప్పుడు శౌరయ్య ఆ జాబితాను విడిగా తీసి, తన లాగిన్‌తో తప్ప తెరుచుకోకుండా సర్వరులో బిగించేశాడు.

2024 ఆగస్టు ఇరవై ఎనిమిదిన అతను ఆ లాగిన్ పాస్‌వర్డు మార్చాడు. పేర్లూ పుట్టినరోజులూ పెట్టకూడదని కొత్త నిబంధన. అర్థం పర్థం లేని పద్నాలుగు అక్షరాలూ అంకెలూ కూర్చి, నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ముప్పయ్యో తేదీన మరోసారి, పుస్తకంలో చూసుకుంటూ, కొట్టాడు. ఆ తర్వాత రెండు రోజులకే అతను ఉండే సింగ్‌నగర్‌లోకి బుడమేరు వాగు వరద వచ్చింది.

ఆదివారం తెల్లవారుజామున శౌరయ్య భార్య అమలమ్మ లేచి మంచం దిగితే పాదాలు మునిగాయి. అరగంటలో నడుం దాకా వచ్చింది. వాళ్లది కింది వాటా. పక్క వాటాలో డెబ్బై ఎనిమిదేళ్ల దానమ్మ ఒక్కతే ఉండేది. పక్షవాతంతో ఎడమ కాలు పడిపోయిన మనిషి. అమలమ్మను మేడ మీదికి పంపి, నోటుపుస్తకం ఉన్న ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని శౌరయ్య మెట్ల దాకా వచ్చాడు. అప్పుడు వినిపించింది, గోడ అవతల నుంచి, "నాయనా శౌరీ" అని.

బ్యాగుతో ఆమెను మొయ్యలేడు. దాన్ని మెట్ల పక్క కిటికీ ఊచకు తగిలించి, నీళ్లలో ఈడ్చుకుంటూ వెళ్లి, దానమ్మను వీపున వేసుకుని పైకి చేర్చాడు. తిరిగి దిగేసరికి కిటికీయే కనపడలేదు.

మేడ మీద ఇంటివాళ్లతో కలిపి తొమ్మిది మంది. తాగడానికి బిందెడు నీళ్లు. దానమ్మ బీపీ మాత్రలు కిందే ఉండిపోయాయి. "పడవ వస్తుందా నాయనా?" అని ఆమె గంటకోసారి అడిగేది. "వస్తుంది మామ్మగారూ, ఇప్పుడే వస్తుంది" అని శౌరయ్య చెప్పేవాడు. వాళ్లది సన్నని వీధి. తెగిన కరెంటు తీగలు నీళ్లలో వేలాడుతున్నాయి. మంగళవారం పొద్దున ఆమె అడగడం మానేసింది. కాసేపటికి అమలమ్మ దానమ్మ చెయ్యి పట్టుకు చూసి, తన కొంగు తీసి ఆమె ముఖం మీద కప్పింది. పడవ ఆ మధ్యాహ్నం వచ్చింది.

పది రోజుల తర్వాత ఆస్పత్రికి వెళితే అందరూ చుట్టూ చేరి అడిగారు. "సామాను పోయిందండీ, మనుషులం బాగానే ఉన్నాం" అన్నాడు. నోటుపుస్తకం సంగతి చెప్పలేదు. చెబితే బ్యాగు సంగతి చెప్పాలి. బ్యాగు ఎందుకు వదిలావంటే దానమ్మ సంగతి చెప్పాలి. ఆ మాట నోటిదాకా వచ్చేది, అక్కడే ఆగిపోయేది.

సర్వరు తన పని తను చేసుకుపోతోంది. అక్టోబరులో ఒక మధ్యాహ్నం శౌరయ్య తలుపు వేసుకుని దాని ముందు కూర్చున్నాడు. మొదటి మూడు అక్షరాలు వేళ్లకు తెలిసినట్టే అనిపించింది. నాలుగోది రాలేదు. మూడుసార్లు కొట్టి, మూడుసార్లూ తప్పని చూపిస్తే, లేచి వచ్చేశాడు. రేపు చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూ క్రిస్మస్ దాటించాడు.

జనవరి చివర్లో ఒక బుధవారం, పొద్దున ఆరింటికి ఆస్పత్రిలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు చేతులెత్తేశాయి. సర్వరు ఆగి, మళ్లీ లేచింది గానీ బ్లడ్ బ్యాంకు ప్రోగ్రాం లేవలేదు. లోపలికి వెళ్లి దాన్ని చేత్తో మొదలుపెట్టాలి. లోపలికి వెళ్లడానికి పాస్‌వర్డు కావాలి.

ఏడున్నరకల్లా ఆస్పత్రి నడిపించే సిస్టర్ తెరేసమ్మ సర్వర్ గది గుమ్మంలో నిలబడింది. ఆమెకు అరవై దాటాయి. కంగారులో కూడా గొంతు పెంచని మనిషి.

"శౌరయ్య గారూ, రాత్రి పెడన నుంచి ఒకమ్మాయిని తీసుకొచ్చారు. రాజ్యశ్రీ అని, మగ్గం నేసేవాళ్లు. నెలలు నిండినయ్. మాయ కిందికి జారి ఉందంట, రక్తం కనబడతా ఉంది. 'ఓ' గ్రూపనుకున్నారు. ఏ సీసాతోనూ కలవలేదు."

శౌరయ్యకు అర్థమైంది. "బాంబే గ్రూపాండీ?"

"అవును. సాయంత్రంలోపు ఆపరేషన్ చెయ్యాలంటున్నారు డాక్టరు గారు. రెండు సీసాలు చేతిలో లేకుండా కత్తి పట్టుకోనంటున్నారు. మీ జాబితా కావాలి."

అతను తల వంచుకున్నాడు. ఆ క్షణంలో కూడా అబద్ధం ఒకటి నాలుక మీదికి వచ్చింది, డిస్కు పాడైందని చెబితే సరిపోతుందని. గుమ్మం అవతల బెంచీ మీద చేతుల్లో తువ్వాలు నలుపుకుంటూ కూర్చున్న కుర్రవాడు రాజ్యశ్రీ మొగుడే అయి ఉంటాడు. వేళ్ల కొసలకు రంగు అంటి ఉంది.

"పాస్‌వర్డు మర్చిపోయానండీ," అన్నాడు శౌరయ్య. "రాసుకున్న పుస్తకం వరదలో పోయింది."

సిస్టర్ తెరేసమ్మ అతని ముఖంలోకి చూసింది. సెప్టెంబరు నుంచి జనవరి దాకా నెలలు లెక్కపెడుతున్నట్టు ఆమె పెదవులు కదిలాయి. "ముందు చెయ్యాల్సింది చూడండి. ఆ మాట తర్వాత మాట్లాడుకుందాం" అని వెళ్లిపోయింది.

బెంజ్ సర్కిల్ దగ్గర సర్వర్లు బాగుచేసే సంస్థ ఒకటుంది. అక్కడి నుంచి సింధూరి ఎనిమిదిన్నరకు వచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, మాట సూటిగా ఉంటుంది. బ్యాగు దించుతూనే అడిగింది.

"చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారు సార్?"

"ఆగస్టు ముప్పై."

ఆమె కళ్లెత్తి అతని వైపు చూసింది. సర్వరును కాసేపు పరిశీలించి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"పాత పాస్‌వర్డును ఎవరూ కనుక్కోలేరు సార్. నేను చెయ్యగలిగింది, పెన్‌డ్రైవ్‌తో సర్వరును బయట నుంచి లేపి, పాతదాన్ని కొట్టేసి కొత్తది పెట్టడం. గంట, గంటన్నర. బ్లడ్ బ్యాంకు ప్రోగ్రాం లేచిపోద్ది. కానీ మీరు విడిగా బిగించిన జాబితా ఉందే, అది తెరుచుకోదు."

"అదెందుకమ్మా? నేనే కదా బిగించింది?"

"దాని తాళం మీ పాత పాస్‌వర్డుతోనే ముడిపడి ఉంది సార్. బయట నుంచి మార్చినోళ్లకి అది ఇవ్వకూడదనే అలా చేస్తారు. ఎప్పటికైనా మీకు పాతది గుర్తొస్తే, మళ్లీ అదే పెట్టి తెరవొచ్చు. గుర్తు రాకపోతే ఇంక అంతే. తాళం కాపీ ఏమన్నా దాచారా?"

"అదీ ఆ బ్యాగులోనే."

"ఒక్కసారి ప్రయత్నించండి సార్. నేను పక్కన ఉంటా."

శౌరయ్య కళ్లు మూసుకుని కీబోర్డు మీద వేళ్లుంచాడు. మొదటి మూడు అక్షరాలు వచ్చాయి. నాలుగోదాని కోసం నోటుపుస్తకాన్ని కళ్లముందుకు తెచ్చుకున్నాడు. నీలం అట్ట, గళ్ల కాగితం, కుడివైపు పేజీ. పేజీ కనిపించింది. దాని మీద రాత కనిపించలేదు. దాని బదులు ఊచకు వేలాడుతున్న బ్యాగూ, అవతల నుంచి పిలుపూ. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడికే చేరాడు. పదిసార్లూ తప్పనే చూపించింది.

"సార్," అంది సింధూరి మెల్లగా. "ఇంక ఆపండి."

ఆమె అతని చేతుల ముందు నుంచి కీబోర్డును పక్కకు జరిపింది. శౌరయ్య లేచి వరండాలోకి వచ్చాడు. బెంచీ మీది కుర్రవాడు లేచి నిలబడ్డాడు.

"సార్, లిస్టు వచ్చిందాండీ?"

"రాలేదు బాబూ" అన్నాడు.

"మరి ఆళ్లు ఎవరో, ఎక్కడుంటారో మీకేమన్నా తెలుసాండీ? నేను బండేసుకుని ఎల్తాను. ఎంత దూరమైనా ఎల్తాను."

వాడు మామూలుగానే అడిగాడు. వాడికి తెలిసినంతలో జాబితా అంటే మనుషులు, మనుషులంటే ఎక్కడో ఒకచోట ఇల్లుంటుంది. శౌరయ్య నిలబడిపోయాడు. ఐదు నెలలుగా ఆ పద్నాలుగు అక్షరాల చుట్టూ తిరిగాడే తప్ప వాటి వెనకాల ఉన్నవాళ్ల గురించి అతను తలుచుకోలేదు. ఫోన్ నంబర్లు తెలియవు, నిజమే. కానీ వాళ్లను తెలుసు. ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి బతిమాలాడు. రక్తం ఇచ్చాక పక్కన కూర్చుని బిస్కెట్లు తినిపించాడు. ఇబ్రహీంపట్నం రింగు సెంటరు దగ్గర అన్నదమ్ముల పంక్చరు కొట్టు ఉండేది. అందులో తమ్ముడు గోపీనాథ్. గన్నవరంలో క్రిస్టినా, అక్కడి చర్చి వెనక సందులో కుట్టుమిషను పెట్టుకున్న అమ్మాయి. పెడన మల్లేశ్వరరావు కూడా ఉన్నాడు గానీ దూరం, ముందు దగ్గరివాళ్లిద్దరు.

అతను గబగబా సిస్టర్ గదికి వెళ్లాడు.

"గన్నవరం ఫాదరు గారికి ఫోన్ చెయ్యండి సిస్టర్ గారూ. చర్చి వెనక క్రిస్టినా అని బట్టలు కుట్టే అమ్మాయి. ఆయన పంపిస్తారు. నాకు జీపు ఇప్పించండి, ఇబ్రహీంపట్నం ఎల్లొస్తాను."

రింగు దగ్గర పంక్చరు కొట్టు అక్కడే ఉంది. అన్న మాత్రమే ఉన్నాడు. తమ్ముడు ఏడాదిగా థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టరు కింద బాయిలరు పనికి వెళుతున్నాడట. లోపల ఫోన్లు ఉండవట. అన్న కొట్టు మూయకుండానే జీపెక్కాడు. గేటు దగ్గర సెక్యూరిటీకి చెప్పి, లోపలికి కబురు పంపి, ఇద్దరూ ఎండలో నిలబడ్డారు. పొగగొట్టాల వైపు చూస్తూ శౌరయ్య ప్రార్థన మొదలుపెట్టాడు గానీ మాటలు కుదరలేదు. ఊరికే నిలబడ్డాడు.

అప్పుడే సింధూరి ఫోన్ చేసింది. "సార్, లోపలికి వెళ్లాం. ప్రోగ్రాం లేచింది. రికార్డులన్నీ బాగానే ఉన్నయ్, ఆ ఒక్క జాబితా తప్ప. కొత్త పాస్‌వర్డు ఏం పెట్టమంటారు?"

పదిహేనేళ్లుగా ఆ తలుపు తనే తీశాడు, తనే మూశాడు. ఇవాళ తను లేకుండా తెరుచుకుంది. "మీరే పెట్టండమ్మా. నాకు చెప్పొద్దు. సిస్టర్ గారికి చెప్పండి" అన్నాడు.

ముప్పావుగంటకు గోపీనాథ్ బయటికొచ్చాడు. బొగ్గు ధూళికి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. శౌరయ్యను చూసి నవ్వాడు.

"ఏంటండీ, స్వయంగా వచ్చేశారు! ఎవరికండీ?"

"పెడన నుంచి వచ్చిన అమ్మాయికి బాబూ. కాన్పు."

"ఒళ్లు కడుక్కోనియ్యండి, ఐదు నిమిషాలు. ఈ మసితో ఎల్తే మీ నర్సమ్మలు రానివ్వరు."

వాళ్లు ఆస్పత్రికి చేరేసరికి క్రిస్టినా అప్పటికే మంచం మీద పడుకుని పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉంది. పరీక్షలన్నీ అయ్యేసరికి నాలుగైంది. ఐదింటికి రాజ్యశ్రీని లోపలికి తీసుకెళ్లారు. రెండు సీసాలూ పట్టాయి. ఆరున్నరకు డాక్టరు బయటికొచ్చి తల్లికి ప్రమాదం తప్పిందని చెప్పింది. బిడ్డ బరువు తక్కువ, ఊపిరి అందడం లేదని గాజు పెట్టెలో ఉంచారు. ఆడపిల్ల. పన్నెండు రోజులు పెట్టెలో ఉండి, ఆ తర్వాత తల్లితో కలిసి పెడన వెళ్లింది.

మర్నాడు సిస్టర్ తెరేసమ్మ శౌరయ్యను పిలిపించింది. కుర్చీ చూపించి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"ఐదు నెలలు. ఒక్కసారైనా నాతో చెప్పాలనిపించలేదా?"

శౌరయ్య చెప్పాడు. బ్యాగు, కిటికీ ఊచ, దానమ్మ పిలుపు, తన వీపు మీద ఆమె బరువు, గంటగంటకూ తను చెప్పిన మాట. ఇంట్లో అమలమ్మతో కూడా ఆ మూడు రోజుల గురించి ఎప్పుడూ మాట్లాడలేదని చెప్పాడు. "పడవ వస్తుందన్నానండీ. ఆమె నా మాట నమ్మింది" అని ఆగిపోయాడు.

సిస్టర్ కళ్లు తడిశాయి. అయినా చెప్పాల్సింది చెప్పింది.

"దానమ్మ గారి కోసం మీరు చేసింది దేవుడు చూశాడు. కానీ ఆ పుస్తకం పోయిందని చెప్పకపోవడం తప్పే శౌరయ్య గారూ. నిన్న ఆ అమ్మాయి పోయేది. జరిగింది జరిగినట్టు ఫైల్లో రాయాలి. మీరే రాయండి."

అతను ఆ పేజీన్నర తనే టైపు చేసి సంతకం పెట్టాడు. అప్పటి నుంచి పాస్‌వర్డు సీలు వేసిన కవరులో సిస్టర్ బీరువాలో ఉంటోంది. సింధూరి నెలకోసారి వచ్చి ల్యాబ్‌లోని ఇద్దరికి సర్వరు పని నేర్పుతోంది. శౌరయ్య పక్కన కూర్చుని, వాళ్లు తడబడితే అందిస్తాడు. పాత పాస్‌వర్డు అతనికి ఇప్పటికీ గుర్తు రాలేదు.

జాబితా మళ్లీ రాసే బాధ్యత మాత్రం అడిగి తీసుకున్నాడు. ఫోనులో కాదు, ఇళ్లకు వెళ్లి, ఒప్పుకుంటేనే పేరు రాసుకుంటానన్నాడు. గోపీనాథ్, క్రిస్టినా సంతకాలు పెట్టారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక అమలమ్మను వెంటబెట్టుకుని పెడన బస్సెక్కాడు.

మల్లేశ్వరరావు ఇంట్లో గోడకు అతని ఫొటో, దానికి దండ ఉన్నాయి. పోయిన ఏడాది వేసవిలో గుండెపోటు వచ్చిందట. భార్య వెంకటరావమ్మ చాప పరిచి, మంచినీళ్లిచ్చి, వచ్చిన పని అడిగింది. శౌరయ్య చెప్పి, తెలియక వచ్చానని నొచ్చుకున్నాడు.

"ఆయన రక్తమిచ్చేవారని తెలుసండీ. బెజవాడ ఎల్లొచ్చినప్పుడల్లా నీరసపడేవారు. కానీ ఎవరికిచ్చారో ఎప్పుడూ చెప్పలా. ఆయనకీ తెలీదనుకుంటా. మీకేమన్నా తెలుసాండీ?"

ఎవరికిచ్చారో దాతలకు చెప్పకూడదని ఆస్పత్రి నియమం. పేరు మాత్రం చెప్పకుండా మిగతాది చెప్పాడు శౌరయ్య. బందరు వైపు నుంచి వచ్చిన, చేపలు పట్టే పల్లెకారు కుర్రవాడు. లారీ కింద పడి తొడ ఎముక విరిగింది. ఆ రోజు వాన. మల్లేశ్వరరావు తడిసిన బట్టలతోనే వచ్చి మంచమెక్కాడు. ఒక సీసా సరిపోదేమోనంటే ఇంకొకటి తీసుకోండన్నాడు, అలా తీయకూడదని తనే నచ్చజెప్పాల్సి వచ్చింది. ఆ కుర్రవాడు బతికాడు. రెండేళ్ల తర్వాత పెళ్లిపత్రిక తెచ్చి బ్లడ్ బ్యాంకు కౌంటరులో ఇచ్చి, రక్తమిచ్చిన ఆయనకు చేర్చమన్నాడు.

"పసుపు రాసిన కవరు ఒకటి వచ్చింది," అంది వెంకటరావమ్మ నెమ్మదిగా. "తెలియనోళ్ల పెళ్లి మనకెందుకు వచ్చిందని నేనడిగితే నవ్వి ఊరుకున్నారు."

ఆమె కొంగుతో కళ్లొత్తుకుని లేచింది. లోపలి గదిలోకి వెళ్లి, గోడ పట్టుకుని నడిచే ముసలావిడను చెయ్యి పట్టి తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టింది.

"మా అత్తగారండీ. సరిగ్గా వినపడదు. కొంచెం గట్టిగా, మళ్లీ మొదట్నుంచి చెప్పండి."

శౌరయ్య ముందుకు జరిగి, ముసలావిడ చెవి దగ్గరగా వంగి, ఆ రోజు వాన పడుతోందని మొదలుపెట్టాడు.